కారణం గడిలో రాసిన మాట

బొగ్గు కంపెనీ దవాఖానలో దెబ్బల రిజిస్టరు రాసే పని నాది. పేరు, వయసు, ఎవరి తాలూకు, ఏ క్వార్టరు, ఎక్కడ దెబ్బ, ఏం మందు వేశాం, అన్నిటికీ గళ్లు ఉండేవి. వాటి మధ్య సన్నగా ఇంకో గడి, దెబ్బకు కారణం. నేను మిషన్ దవాఖానలో నర్సు పని నేర్చుకుని, పెళ్లయ్యాక మా ఆయన వెంట గోదావరిఖని వచ్చాను. ఆయన టైమాఫీసులో గుమాస్తా. అరవైల్లో బొగ్గు బావులు ఒకటొకటే తెరుస్తున్న రోజులు. నర్సులు దొరక్క, అడిగిన వారానికే నాకు ఉద్యోగం ఇచ్చారు. దస్తూరీ బాగుందని డాక్టరుగారు ఆ రిజిస్టరు నా చేతిలో పెట్టారు. నాకు అప్పట్లో అది పెద్ద గొప్పగా ఉండేది.

బావిలో దెబ్బ తగిలిన మనిషి వస్తే ఆ కారణం గడి చాలేది కాదు. బావి లోపల ఎన్నో డిప్పు, ఎన్నో లెవెల్, బండ ఎంత ఎత్తు నుంచి పడింది, పైకప్పుకు ఆపుగా దిమ్మె ఉందా లేదా, బొగ్గు టబ్బు గుద్దిందా తాడు తెగిందా, అన్నీ రాయాలి. పక్కనున్న గళ్లలోకి కూడా పాకేది నా రాత. ఒక్క ముక్క తప్పినా డాక్టరుగారు మళ్లీ అడిగి రాయించేవారు. రేపు ఇన్‌స్పెక్టరు వచ్చి చూస్తాడు, ఆ మనిషికి రావలసినవన్నీ ఈ రాతను బట్టే వస్తాయి అనేవారు. అది నిజమే.

ఆడవాళ్లు, పిల్లలు వస్తే మాత్రం ఆ గడి మాకు ఎక్కువైపోయేది. ఒకటే మాట. పడిపోవుట. నల్లా దగ్గర పడిపోవుట, మంచం మీంచి పడిపోవుట, గడప తట్టుకుని పడిపోవుట. కొత్తవాళ్లెవరైనా ఆ పుస్తకం చదివితే మా కాలనీ నేలంతా ఎవరో నూనె పోశారనుకుంటారు. బావిలో పనిచేసే మగవాళ్ల కంటే ఇంట్లో ఉండే ఆడవాళ్లే ఎక్కువసార్లు పడేవాళ్లు.

ఇందులో మోసం ఏమీ లేదనే నేను అనుకున్నాను. కొట్టాడు అని రాస్తే డాక్టరుగారు పోలీసులకు చీటీ పంపాలి. పోలీసులు మనిషిని తీసుకుపోతే డ్యూటీ నాగా పడుతుంది, ఆ పైన కంపెనీ పనిలోంచి తీసేసే కాగితం ఇస్తుంది. ఉద్యోగం పోతే క్వార్టరు పోతుంది. దెబ్బలు తిన్నావిడే పిల్లలతో రోడ్డున పడుతుంది. అందుకని వాళ్లే అడిగేవాళ్లు. పక్కింటావిడను తోడు తెచ్చుకుని, కొంగుతో మూతి అదుముకుని, పడ్డనని రాయున్రి సిస్టరమ్మా అనేవాళ్లు. నేను రాసేదాన్ని. అడిగితే కాదనని మనిషినని కాలనీలో నాకు మంచి పేరు. ఆదివారం చర్చిలో కూర్చున్నప్పుడు కూడా ఆ వారం చేసిన మంచిపనుల్లో దాన్ని లెక్కేసుకునేదాన్ని. ఎంత సిగ్గులేని లెక్కో ఇప్పుడు తలచుకుంటే ఒళ్లు మండుతుంది.

ఆ పిల్లను మొదటిసారి తెచ్చినప్పుడు దానికి మూడేళ్లుంటాయి. పెదవి చీలింది. తల్లి సన్నగా, నల్లగా, ఇరవై దాటని మనిషి. మంథని వైపు పల్లె నుంచి కాపురానికి వచ్చింది. భర్త కోల్ ఫిల్లరు, తట్టా, చెమ్మస్ అనే పారా పట్టి టబ్బుల్లోకి బొగ్గు ఎత్తే పని. పడ్డదని రాయున్రి అంది. రాశాను.

ఆ భర్తను గురించి ఒక మాట చెప్పాలి. తాగుబోతు అనుకుంటారేమో, కాదు. చుక్క ముట్టడు. డ్యూటీ నాగా పెట్టడు. ఒకసారి బావిలో పైకప్పు కూలినప్పుడు అందరూ బయటికి పరుగెత్తితే అతను లోపలికి పోయి, చేతులతో బొగ్గు తోడి పక్కవాణ్ణి బయటికి లాక్కొచ్చాడు. గోళ్లన్నీ ఊడిపోయిన ఆ చేతులకు కట్టు కట్టింది నేనే. నొప్పి అనలేదు. బతికినవాడు ఎట్లున్నడు అనే అడిగాడు. అట్లాంటి చేతులు పిల్ల మీద పడుతున్నాయంటే నమ్మడానికి నాకే రెండేళ్లు పట్టింది.

అంతా నిద్ర దగ్గర వచ్చేది. నైట్ షిఫ్టు చేసొచ్చినవాళ్లు పగలు పడుకోవాలి. రెండు గదుల క్వార్టరు, మీద రేకులు, పక్కింట్లో దగ్గినా వినిపిస్తుంది. నిద్రలేని మనిషి బావిలోకి దిగితే బండ చప్పుడు చెవినపడదు, టబ్బు వచ్చేది కనపడదు. అందుకని కాలనీలో పగటిపూట పిల్లల నోళ్లు మూయడం ఆడవాళ్లకు సగం పని. గిన్నె జారినా గుండె జారేది. పిల్ల నవ్విందని, ఏడ్చిందని, గచ్చకాయలు ఆడిందని అతను లేచి కొట్టేవాడు. కొట్టి మళ్లీ పడుకునేవాడు. చుట్టుపక్కల ఎవరూ దాన్ని తప్పనలేదు. మనిషి పాణం మీది సంగతి, నిద్ర చెడగొడితే కొట్టడా అనేవాళ్లు. మా ఆయన కూడా అదే మాట అన్నాడు ఒకసారి. ఆయన బావిలోకి దిగేవాడు కాదు, బల్ల దగ్గర కూర్చుని హాజరు మస్టరు వేసేవాడు. నేను ఆ రోజు ఆయనకు అన్నం వడ్డించలేదు, ఆయనే వడ్డించుకుని తిన్నాడు.

పిల్లకు ఐదో ఏట చెవి మీద పడింది దెబ్బ. అరచేతి దెబ్బకు కర్ణభేరి పగిలింది. ఆ తర్వాత ఆ ఎడమ చెవి చీము కారడం మానలేదు. శనివారం శనివారం తల్లి తీసుకొచ్చేది. పెరాక్సైడు చుక్కలు వేస్తే చెవిలో బుసబుసమని నురగ పొంగేది, పిల్లకు కితకితలు పెట్టినట్టయ్యేది. నేను దూదిపుల్లతో తుడిచి, మందు వేసి, దూది పెట్టి పంపేదాన్ని. వారం వారం చేస్తే ఎప్పటికైనా ఆరుతుందని డాక్టరుగారు చెప్పారు. ఆపితే వినికిడి పోతుందని కూడా చెప్పారు.

బెంచీ మీద వంతు కోసం కూర్చున్నప్పుడు తల్లి పిల్లకు పాఠం చెప్పేది. దవాఖానల ఏమయిందని అడిగితే ఏం చెప్పాలె? పడ్డ. ఎవలన్న అడిగితే? పడ్డ. డాక్టరు బల్ల ముందు నిలబడి ఆ పిల్ల ఆ మాట ఎంత స్పష్టంగా, ఎంత ముద్దుగా చెప్పేదో. మొదటిసారి చెప్పినప్పుడు నాకు నవ్వొచ్చి, సొరుగులోంచి బిస్కెట్ తీసి ఇచ్చాను. ఆ తర్వాత అది అలవాటైంది. ఆ మాట చెప్పడం, నా వైపు తిరగడం, నేను బిస్కెట్ ఇవ్వడం. తల్లి ఒక్కతే నేర్పిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నేనూ నేర్పాను.

ఏడో ఏట చెయ్యి విరిగింది. కట్టు కట్టించుకుని, తల్లి ఈసారి క్వార్టరుకు పోలేదు. దవాఖాన నుంచి నేరుగా బస్టాండుకు పోయి, పిల్లతో తల్లిగారింటికి వెళ్లిపోయింది. అక్కడ బీడీలు చుట్టుకుంటూ ఉంది. ఐదారు నెలలు బాగానే గడిచాయట. అప్పుడు భర్త కరీంనగర్ కోర్టులో దావా వేశాడు. భార్య వస్తే రానీ, రాకపోతే పోనీ, నా బిడ్డను నాకు ఇప్పించండి అని. అతనికి పిల్ల మీద ప్రేమ లేదని నేను చెప్పలేను. ఉన్న ప్రేమ అట్లాంటిదే.

సమన్లు అందాక ఆమె దవాఖానకు వచ్చింది. ముఖం తేటగా ఉంది. నాలుగేళ్లలో ఆమె ముఖం అట్లా చూడటం అదే మొదలు. మీ పుస్తకం ఉన్నదని వకీలుకు చెప్పినక్కా, దాన్ని తెమ్మని కోర్టుల అర్జీ పెట్టిండు అంది. అందులో ఏం రాసి ఉందో నీకు తెలుసు కదా అన్నాను. అన్నిటికీ పడిపోవుట అనే ఉంది కదా అన్నాను.

ఆమె నన్ను చిన్నపిల్లను చూసినట్టు చూసింది.

"అది నువ్వూ నేనూ అనుకున్న మాట గదక్కా. జడ్జిసాబు పెద్ద సదువు సదివినాయిన. నాలుగేండ్లల తొమ్మిదిసార్లు పడుతదా ఒక్క పిల్ల? గా మాత్రం ఎరుకగాదా?"

ఆ మాటలో తప్పేముంది? నాకూ అట్లాగే అనిపించింది. చదువుకున్న మనిషి తొమ్మిది సార్లు అదే మాట చూస్తే అనుమానపడడా? అనుమానపడి నన్ను అడగడా? అడిగితే నేను చెప్పనా? వస్తాను, భయపడకు అన్నాను. ఆమె నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకు అద్దుకుంది.

బయల్దేరే ముందురోజు డాక్టరుగారు పిలిచారు. చెడ్డ మనిషి కాదు, నన్ను కూతురిలా చూసేవారు. తలుపు దగ్గరికి వేసి మెల్లగా చెప్పారు. రిజిస్టరులో ఉన్నది చదువు, అంతకు మించి ఒక్క మాట చెప్పకు. నేను అబద్ధం రాశాను అని కోర్టులో ఒక్కసారి అన్నావంటే ఈ పుస్తకంలో నువ్వు రాసినవన్నీ అబద్ధమే అవుతాయి. బావిలో పోయినవాళ్ల భార్యలు దీని మీద ఆధారపడి ఉన్నారు. నీ ఉద్యోగం సంగతి నేను చెప్పడం లేదు, అది నీకే తెలుసు. ఇంతే. నేను తలూపి బయటికొచ్చాను. ఆయన చెప్పినదాంట్లో ఒక్కటీ తప్పు కాదు. అందుకే ఆయన మీద కోపం తెచ్చుకోవడం కూడా నాకు చేతకాలేదు.

పుస్తకాన్ని పాత దుప్పటి ముక్కలో చుట్టుకుని, ఒళ్లో పెట్టుకుని, తెల్లవారే బస్సెక్కాను. కోర్టు ముందు రేకుల షెడ్డు కింద తల్లీ పిల్లా కూర్చుని ఉన్నారు. పిల్లకు కొత్త గౌను. చెవిలో దూది. నన్ను చూసి పరుగెత్తుకొచ్చింది. తల్లి దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ మళ్లీ చెబుతూనే ఉంది. ఇయ్యాల ఉన్నదున్నట్టు చెప్పాలె బిడ్డా, నాయిన కొట్టిండని చెప్పాలె, భయపడద్దు. పిల్ల సరే సరే అని తలూపింది. కొంచెం అవతల తండ్రి నిలబడి ఉన్నాడు. తెల్లచొక్కా వేసుకున్నాడు. అతని వెంట బావి నుంచి నలుగురు వచ్చారు, అతను కాపాడినవాడు అందులో ఒకడు. తండ్రి నాకు చేతులెత్తి దండం పెట్టాడు. నేనూ పెట్టాను.

నన్ను బోనులోకి పిలిచారు. పుస్తకం ఇదేనని తల్లి తరఫు వకీలు నాతో చెప్పించాక, తండ్రి తరఫు వకీలు దాన్ని తెరిపించి ఒక్కొక్కటే చదివించాడు. తేదీ చదవండి, దెబ్బ చదవండి, కారణం చదవండి. తొమ్మిది సార్లు చదివాను. గది నిండా నా గొంతే. పడిపోవుట, పడిపోవుట. ఆ దస్తూరీ ఎంత గుండ్రంగా, ఎంత శుభ్రంగా ఉందో. ఇది మీరు రాసిందేనా? నేనే. మీకు ఎవరు చెప్పారు? తల్లి. అయితే తల్లి అప్పుడు అబద్ధం చెప్పిందా, ఇప్పుడు చెబుతోందా? జవాబు అక్కర్లేదని ఆయన కూర్చున్నాడు.

తల్లి తరఫు వకీలు ముసలాయన, చెమటలు కక్కుతున్నాడు. మళ్లీ లేచి ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. అమ్మా, ఈ తొమ్మిదిసార్లూ ఆ పిల్ల నిజంగా పడిందని మీరు నమ్మారా?

ఇంతకంటే తలుపు బార్లా తెరిచి ఎవరు పెడతారు? నేను తల్లి వైపు చూశాను. ఆమె నన్ను చూసి కొంచెం నవ్వింది, ఇక అయిపోయింది, గట్టెక్కాం అన్నట్టు. నా కళ్ల ముందు డాక్టరుగారి గది, మా క్వార్టరు, మా ఇద్దరు పిల్లలు కనిపించారు. చావుల పేజీల మీద నా దస్తూరీ కూడా కనిపించిందని చెప్పుకుంటే గొప్పగా ఉంటుంది. నిజానికి మొదట కనిపించింది నా ఉద్యోగమే.

"నేను చూడలేదు సార్" అన్నాను.

అబద్ధం కాదు. ఏ నర్సూ కొడుతుంటే చూడదు, దెబ్బలే చూస్తుంది. వకీలు నేను ఇంకేమైనా అంటానేమోనని చూసి, కూర్చున్నాడు. తల్లి ముఖంలో నవ్వు ఇంకా పోలేదు. నేనన్నది ఆమెకు సగమే అర్థమైనట్టుంది.

తర్వాత జడ్జిగారు పిల్లను దగ్గరికి పిలిచారు. మంచాయన. కళ్లద్దాలు తీసి పక్కన పెట్టి, వంగి, మెత్తగా అడిగారు. ఆయన ముందు పెద్ద బల్ల, బల్ల మీద తెరిచిన పుస్తకం, ఆయన చేతిలో కలం. పిల్ల ఆ బల్ల అంచు పట్టుకుని నిలబడింది. చెయ్యి ఎట్లా విరిగింది బిడ్డా అన్నారు. నేను ఆ పిల్ల వీపే చూస్తున్నాను. భుజాలు సర్దుకుని, ఎప్పటిలాగే స్పష్టంగా చెప్పింది.

"పడ్డ."

చెవికి ఏమయింది? పడ్డ. ఎవరైనా కొట్టారా? లేదు, పడ్డ.

తల్లి లేచి నిలబడి ఏదో అనబోతే బంట్రోతు కూర్చోబెట్టాడు. పిల్ల వెనక్కి తిరిగి ముందు తల్లిని చూసింది. తర్వాత నా వైపు తిరిగి, బిస్కెట్ కోసం చూసింది.

నెల తిరక్కుండా తీర్పు వచ్చింది. తండ్రికి పర్మినెంటు ఉద్యోగం, క్వార్టరు, పక్కనే బడి, పక్కనే దవాఖాన. తల్లికి గుడిసె, బీడీల పని. కొట్టాడనడానికి సాక్ష్యం లేదు, రికార్డు అందుకు విరుద్ధంగా ఉంది, పిల్ల కూడా చెప్పలేదు. నెలకోసారి తల్లి వచ్చి చూసుకోవచ్చు. పక్కనే దవాఖాన అన్న మాటను తీర్పులో రాశారని మా ఆయన చదివి చెప్పాడు. నేను స్నానాల గదిలోకి పోయి నీళ్లు వదిలి చాలాసేపు ఏడ్చాను.

తండ్రి పిల్లను శనివారాలు దవాఖానకు తీసుకురావడం మానలేదు. ఆ విషయంలో పద్ధతి గల మనిషి. పిల్లను లోపల వదిలి రేషన్‌కు పోయేవాడు, గంట పట్టేది. నెలకోసారి క్వార్టరు గడపలో నిలబడి అతని ముందు బిడ్డను చూసుకోవడం తల్లికి చాలలేదు. నేనే కబురు పెట్టాను. ఆమె బస్సు దిగి దవాఖాన వెనక మెట్ల మీద కూర్చునేది, తండ్రి అటు పోగానే నేను వెనక తలుపు తీసేదాన్ని. నేను చెవి కడుగుతుంటే తల్లి వెనక నిలబడి తల దువ్వి జడ వేసేది. పోయేముందు ఆ జడ విప్పేసి మళ్లీ మామూలుగా ముడివేసేది, తండ్రికి అనుమానం రాకుండా. వారంలో ఆ గంట కోసమే ముగ్గురం బతికామనిపించేది. కోర్టు సంగతి ఆమె ఒక్కసారి కూడా ఎత్తలేదు. తిడితే బాగుండునని నేను ఎదురుచూసేదాన్ని.

చెవి ఆరుతూ వచ్చింది. చీము తగ్గింది. ఇంకో రెండు మూడు నెలలు చేస్తే చాలని డాక్టరుగారు అన్నారు.

ఒక శనివారం, ఆ రోజు తల్లి బస్సు అందక రాలేదు, పిల్ల చొక్కా వీపుకు అతుక్కుని ఉంది. తడిపి తీశాను. టోపీలైటు బ్యాటరీని నడుముకు కట్టుకునే తోలుబెల్టు ఉంటుంది, దాని బకిల్ గుర్తు మూడు చోట్ల దిగి ఉంది. ఆ బెల్టులు నేను రోజూ చూసేవే, గుర్తు పట్టడానికి ఒకరు చెప్పక్కర్లేదు. ఏమయింది బిడ్డా అన్నాను. పడ్డ అంది.

నాకు కోపం నషాళానికి అంటింది. అది ఆ తండ్రి మీద కోపం అనుకున్నాను అప్పుడు. రిజిస్టరు లాక్కుని, కారణం గడిలో, తండ్రి బెల్టుతో కొట్టుట వలన అని రాశాను. బావి దెబ్బలు రాసినట్టే రాశాను, ఏ చేతి వైపు, ఎన్ని చోట్ల, ఏ బెల్టు. పక్క గళ్లలోకి పాకింది నా రాత. డాక్టరుగారి ముందు పెట్టి సంతకం చెయ్యమన్నాను. ఆయన చదివి, నువ్వు బాగా ఆలోచించే రాశావా అన్నారు. ఇప్పుడు రాయడానికి ఆలోచించాలా అని అరిచాను. ఆయన సంతకం చేసి పోలీసులకు చీటీ పంపారు. ఆ రోజు ఇంటికి నడుస్తుంటే ఎన్నో ఏళ్ల తర్వాత నా ఒళ్లు తేలిగ్గా ఉంది. నా ఒళ్లే తేలికయింది, పిల్లది కాదు. అది అర్థం కావడానికి వారం పట్టింది.

పోలీసులు అతన్ని పిలిచారు. ఒక పూట కూర్చోబెట్టారు. అతను కాపాడిన మనిషి వచ్చాడు, యూనియన్ వాళ్లు వచ్చారు, కన్నబిడ్డను ఒక దెబ్బ కొడితే కేసేంది అన్నారు. ఇక కొట్టనని కాగితం మీద వేలిముద్ర తీసుకుని పంపేశారు. సెకండ్ షిఫ్టుకు మస్టరు కూడా పడింది. కోర్టుకు మళ్లీ పోవాలంటే తల్లి దగ్గర బస్సుకు తప్ప ఏమీ లేదు. వకీలు కూడా ఒక్క కాగితంతో ఏం కాదమ్మా అన్నాడట.

తర్వాతి శనివారం పిల్ల రాలేదు. వెనక మెట్ల మీద తల్లి కూర్చుని ఉంది. ఆ పై శనివారమూ రాలేదు. నేను వాళ్ల క్వార్టరుకు పోయాను. అతను బయట మంచం మీద కూర్చుని ఉన్నాడు. లేచి నాకు పీట వేశాడు. చెవి మధ్యలో ఆపితే వినికిడి పోతుంది, పంపు అని బతిమాలాను. అతను గొంతు పెంచలేదు.

"రాసుడు మీ డ్యూటీ సిస్టరమ్మా. తోలుడు తోలకపోవుడు నా ఇష్టం."

గదిలోంచి పిల్ల తొంగి చూసి మళ్లీ లోపలికి పోయింది. నేను లేచి వచ్చేశాను.

నాలుగో శనివారం తల్లి మెట్ల మీంచి లేచి లోపలికి వచ్చింది. అందరూ చూస్తున్నా ఆమెకు పట్టలేదు.

"ఎందుకు రాసినవక్కా? రాయమని నేను చెప్పిన్నా? రాయమన్ననాడు రాయకపోతివి. వారానికొక్క గంట బిడ్డను చూసుకుంటుంటి, గది గూడ లేకుంట చేసినవ్."

రాయమన్న నాడంటే కోర్టులో నోరు తెరవమన్న నాడు. కాళ్ల మీద పడదామనిపించింది. బెంచీ మీద జనం ఉన్నారని పడలేదు. ఆమె వెళ్లిపోయింది. గడపలో నిలబడి చూసుకునే ఆ నెలకోసారికి కూడా తర్వాత సరిగా రాలేదని విన్నాను. ఆ ముఖం చూసి, ముట్టుకోకుండా తిరిగిపోవడం కన్నా రాకపోవడమే నయమనుకుందేమో.

పది నెలల తర్వాత, కంపెనీ బడిలో పిల్లలకు టీకాలు వేయడానికి పోయాను. పిల్లలంతా చేతులు మడిచి వరుసలో నిలబడ్డారు. ఆ పిల్ల వరుస మధ్యలో ఉంది, పొడుగెదిగింది. నేను ఎడమ పక్క నుంచి పోయి పేరు పెట్టి పిలిచాను. తిరగలేదు. ఇంకొంచెం గట్టిగా పిలిచాను. వెనకనున్న పిల్ల గిల్లితే అప్పుడు తిరిగి, నన్ను చూసి నవ్వింది. చెవి దగ్గర వాసన వస్తోంది. ఆ చెవిలో ఎవరో పసుపు, నూనె పోసినట్టున్నారు, గడ్డ కట్టి ఉంది. నేను సూది పక్కన పెట్టి, కుడి పక్కకు వచ్చి కూర్చున్నాను. చెవి నొస్తదా బిడ్డా అన్నాను. నొస్తదని తలూపింది. తర్వాత అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, పెద్దవాళ్లు బేరం చేసినట్టు అడిగింది.

"సిస్టరమ్మా, నేను పడ్డ అంటే పడ్డ అనే రాస్తవా? గట్ల రాస్తనంటే మా నాయిన తోలుకొస్తనన్నడు. నేనే అడిగిన."

తొమ్మిదేళ్ల పిల్ల. తండ్రిని అడిగింది, ఒప్పించింది, ఇప్పుడు నన్ను ఒప్పిస్తోంది. మేమెవ్వరం చేయలేని పని అది ఒక్కతే చేసుకుంటోంది. రాస్త బిడ్డా అన్నాను. నిజంగ అంది. నిజంగనే అన్నాను.

శనివారం తండ్రి తీసుకొచ్చి, ఈసారి రేషన్‌కు పోకుండా తలుపు దగ్గరే నిలబడ్డాడు. పిల్ల మోచేతికి కొత్త గాయం ఉంది. నేను రిజిస్టరు తెరిచి, అతను వింటుండగానే, ఏమయింది అని అడిగాను. పడ్డ అంది. నా కలం వైపు చూస్తూ నిలబడింది. కారణం గడిలో నేను ఆ మాట రాసేదాకా చూసి, అప్పుడు కుర్చీ ఎక్కి కూర్చుని, చెవి నాకు అందేలా తల పక్కకు వంచింది.